ఆ యేటి జిగురు

ఆ పెచ్చు దానంతట అది రాలలేదు. నేను గీకితే రాలింది. ఈ రెండు ముక్కలు నోరు తెరిచి చెప్పడానికి నాకు పాతికేండ్లు పట్టింది. అందుకే ముందుగా అవే చెప్పేస్తున్న. మిగిలింది నిదానంగా చెప్పుకోవచ్చు.

చేవెళ్ల బస్టాండుకు కొంచెం ఇవతల నాకొక ఫ్లెక్సీల దుకాణం ఉన్నది. లీడర్ల పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, కొత్త వెంచర్ల ఓపెనింగులు, దశదినకర్మలు అన్నిటికీ బొమ్మలు నేనే చేస్త. బట్టతల ఉన్నోళ్లకు జుట్టు పెడత. చనిపోయినోళ్లను ఓటరు కార్డు ఫోటోలోంచి మెల్లగా బయటికి తీసి వెనక మబ్బులు పరుస్త. మా మండలంలో కళాచరిత్రలో డిగ్రీ చదివిన మనిషిని నేనొక్కడినే అని ధైర్యంగా చెప్పగలను. ఇంకొకడు ఉంటే వాడు కూడ ఫ్లెక్సీల దుకాణమే పెట్టుకునేటోడు, నాకు తెలిసేది. మొన్న జ్యేష్ఠంలో, వానలు ఇంకా మొదలుకాకముందు, ఒక ఆడపిల్ల స్కూటీ మీద వచ్చి దుకాణం ముందు దిగింది. చేతిలో జిరాక్సు కాగితాల కట్ట. చూడగానే గుర్తుపట్టిన. టైపు కొట్టించిన ఆ అక్షరాలు, మూలకు వంకరగా పడ్డ నా పేరు. కాలేజీ లైబ్రరీలో ఎప్పుడో ఎలుకల పాలయి ఉంటుందని నేను నిశ్చింతగా ఉన్న డిజర్టేషన్ అది.

"నమస్తే అంకుల్. ఇది రాసింది మీరేనా?" అన్నది. ఔనన్న. "అమ్మయ్య! మూడు దుకాణాలు అడిగాను. ఈ ఏరియా గుడి బొమ్మల మీద రాసిన మనిషి మీరు ఒక్కరే అంకుల్. నా లిస్టులో మొదటి పేరు మీదే."

మోకిల దగ్గర విల్లాల్లో ఉంటరట. తల్లిదండ్రులు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ ఐటీ ఉద్యోగులు. పిల్ల ఇక్కడే పుట్టింది, ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఆర్ట్ హిస్టరీ డిగ్రీ ఆఖరు సంవత్సరం. "మా నాన్న బీటెక్ అన్నారు. మా ఇంట్లో ఇప్పటికీ నా చదువుని 'ఆ కోర్సు' అనే అంటారు, పేరు పెట్టి పిలవరు" అని నవ్వింది. నాకు కూడ నవ్వొచ్చింది. మొయినాబాద్ రోడ్డు మీద మా బాపుకు టైర్ల పంచరు దుకాణం ఉండేది. నేను కళాచరిత్రలో చేరిన అన్ననాడు బాపు ట్యూబును నీళ్లల్ల ముంచి బుడగల కోసం చూస్తూ, "ఎప్పటివో రాళ్లు చూసి వాటి వయసు చెప్పే చదువా? మంచిదే. మన బోరు ఎన్నడు ఎండుతదో కూడ చెప్తదేమో అడుగు" అన్నడు. అంతకుమించి అడ్డం చెప్పలేదు.

చాయ్ తెప్పించిన. చాయ్ తాగుతూ ఆ పిల్ల ముప్ఫై నాలుగో పేజీ తీసింది. ఒకప్పుడు ఇటు పల్లెల గుడులల్ల గోడ మీది అమ్మవారికి ఏటేటా రంగులు వేసే పని ఆడవాళ్లదే ఉండెనట, అది వాళ్ల చేతినుంచి ఎందుకు పోయిందన్నదే ఆమె పరిశోధన. "దానికి రాతలో దొరికిన ఆధారం మీదొక్కటే అంకుల్" అని, నేను రాసిన వాక్యాన్ని నాకే చదివి వినిపించింది. "చిత్రకారిణి జిగురు తయారీలో చూపిన అజాగ్రత్త వలన అమ్మవారి ఎడమ భాగమున రంగు పెచ్చు స్వయముగా రాలినది." ఆ వయసులో నేను అట్లనే రాసేటోడిని, స్వయముగా, భాగమున అని.

"దీన్నే నేను కోట్ చేస్తున్నాను. కానీ ఒక డౌటు" అని ఆ పెచ్చు ఫోటో మీద వేలు పెట్టింది. "మూడు వైపులా అంచు ఎగుడుదిగుడుగా ఉంది. కింద మాత్రం చూడండి, స్కేలు పెట్టి కోసినట్టుంది. దానంతటది రాలితే ఇలా ఉంటుందా?"

నాకు డిగ్రీ ఇచ్చిన పెద్దలు ఎవరూ అడగని ప్రశ్న అది. పాతికేండ్లుగా ఆ ఫోటోలో ఆ అంచు అట్లనే ఉన్నది, ఎవరో ఒకరు కండ్లు పెట్టి చూస్తే చాలు. "పాత కెమెరా బిడ్డా, లెన్సు అట్ల చూపిస్తది" అన్న. "ఓహో" అన్నది. నమ్మని మాటను మర్యాదగా పక్కన పెట్టేటప్పుడు అనే ఓహో అది. "మరి ఈ చిత్రకారిణి ఎవరు? పేరు రాయలేదు మీరు. ఇప్పుడున్నారా?" అని అడిగింది. తెలియదన్న. చేవెళ్లలో బస్సెక్కితే అరగంట దూరంలో ఉన్నది ఆమె. మా అమ్మకు సొంత అక్క. నాకు పెద్దమ్మ.

ఇక అప్పటి సంగతి చెప్పాలె. పట్నంలో ఆర్ట్సు కాలేజీలో నేను కోరుకున్నది పెయింటింగు సీటు. అది దొరకలేదు, కళాచరిత్ర మిగిలి ఉన్నదన్నరు. క్లాసులో ఐదుగురం. కిటికీలకు నల్ల గుడ్డలు కట్టి, గదిని చీకటి చేసి, స్లైడు ప్రొజెక్టరు పెట్టేటోళ్లు. దాని ఫ్యాను చేసే గుర్రు శబ్దానికి ముందు బెంచీ మినహా అందరికీ నిద్ర పట్టేది. స్లైడు తలకిందులుగా పడ్డా కొన్నిసార్లు ఎవరూ గుర్తుపట్టేది కాదు, ఎవరికీ తెలియని దేశపు గోపురాలాయె. పరీక్ష మాత్రం కఠినంగా ఉండేది. ఒక నిమిషం బొమ్మ చూపిస్తరు. అది ఏమిటి, ఎక్కడిది, ఎప్పటిది, దేనితో చేసింది, ఎవరు చేసింది, ఈ ఐదింటికి జవాబు రాయాలె. ఏడాది తిరిగేసరికి అది ఒక జబ్బులెక్క పట్టుకున్నది. ఇంటికి పోతే అమ్మ ఇత్తడి బిందెను తిప్పి తిప్పి చూసేటోడిని. "నీళ్లు తాగుతవా, దాంట్ల మొఖం చూసుకుంటవా?" అనేది అమ్మ.

మా సారు మంచి మనిషి, నా తప్పును ఆయన మీద నెట్టను. ఆఖరు సంవత్సరం డిజర్టేషన్‌కు ఏం రాస్తవని అడిగితే, మా పెద్దమ్మ రంగులు వేసే పోచమ్మ గుడి గురించి చెప్పిన. సంతోషపడ్డడు. "కానీ నాయనా, తేదీ కావాలె. ఎప్పటిదో తెలియని బొమ్మ మీద వ్యాసం రాయొచ్చు, డిజర్టేషన్ రాయలేం" అన్నడు. అదే వారం క్లాసులో ఒక స్లైడు చూపించిండు. ఏదో దేశంలో ఒక గోడ. దాని మీద పై రంగును చిన్న చదరంగా తొలగించి, అడుగున ఉన్న పాత బొమ్మను చూపిస్తున్నరు. ఆ చదరం నా కంట్లో పడ్డది. ఆ పని చేసినోళ్లు ఎంత శిక్షణ పొందినోళ్లో, ఎన్ని నెలలు పరీక్షలు చేసి అంత చిన్న చదరానికి ధైర్యం చేసిన్రో సారు చెప్పే ఉంటడు. నాకు వినబడలేదు.

పెద్దమ్మ ఊరు మొయినాబాద్, చేవెళ్ల నడుమ రోడ్డు దిగి లోపలికి పోతే వస్తది. పోచమ్మకు రంగులు వేసే హక్కు ఆమె అత్తగారింటిది. అత్త నుంచి కోడలికి వస్తది ఆ పని. పెద్దమ్మకు కొడుకులు లేరు, ఒక్కతే బిడ్డ, నాకు అక్క. అందుకని బిడ్డకు నేర్పుతున్నది. గుడి లోపలి గోడ మీద సున్నంతో ఉబ్బెత్తుగా చేసిన అమ్మవారు, నిలువెత్తు మనిషంత. ఆషాఢంలో బోనాలకు ముందు మూడు రోజులు రంగులు వేస్తరు. ఆ మూడు రోజులు పెద్దమ్మకు ఒంటిపూట తిండి. ఎర్రటి జాజు, పసుపు, నీలిమందు, దీపపు మసి, సున్నపు తేట, ఇవే రంగులు. అన్నిటినీ పట్టి ఉంచేది తుమ్మ జిగురు. రాత్రంతా నానబెట్టి, పొద్దున కాచి, గుడ్డలో వడగట్టాలె. ఆ యేడు జిగురు కాచే పని మొదటిసారి అక్క చేతికి ఇచ్చింది పెద్దమ్మ. అక్కకు ఇరవై రెండేండ్లు ఉండొచ్చు. ఆ వారమంతా ఆమె నడకే మారిపోయింది. ఇంట్లో నన్ను పిలిచే తీరు కూడ మారింది. "ఓ పట్నం సారూ, జర జరుగు, జిగురు పోతున్నది" అని కుండ పట్టుకొని పక్కనుంచి పోయేది, అదేదో పెండ్లి ఊరేగింపు అయినట్టు.

మూడు వారాలు ఉన్న ఆ ఇంట్లో. జొన్నరొట్టె, పచ్చిపులుసు, దాంట్లోకి కాల్చిన ఉల్లిగడ్డ. నేను రెండు రొట్టెలు చాలంటే పెద్దమ్మ మూడోది విరిచి పెట్టేది, విరిచింది కాబట్టి అది లెక్కలోకి రాదనేది. రంగు వేసేటప్పుడు నేను పక్కన కూర్చొని నోటుబుక్కులో రాసుకునేటోడిని. పాత రంగు గీకి కొత్తది వేస్తే నున్నగా వస్తది కదా అని ఒకసారి అడిగిన. ఆమె కుంచె ఆపి నన్ను చూసింది. "గీకుతరా బిడ్డా? అవి అమ్మ కట్టుకున్న చీరలు. మీద కొత్తది కప్పుతం గని, కట్టినయి విప్పుతమా?" అన్నది. ఎంత మంచి మాటో అనుకున్న. పదాలు పోకుండ రాసుకొని, పక్కన నక్షత్రం గుర్తు పెట్టుకున్న. డిజర్టేషన్‌లో వాడుకున్న కూడ.

రంగులు పూర్తయినంక, బోనాలు ఇంకా రెండు రోజులున్నయనగా, మధ్యాహ్నం కొలతలు తీసుకుంటనని గుడి తాళంచెవి అడిగిన. ఊరంతా విత్తనాలు వేసే పనిలో చేన్లల్ల ఉన్నది. పెద్దమ్మ కొంగున కట్టుకున్న చెవిని విప్పి చేతిలో పెట్టింది. అంతకుముందు ఆ చెవిని వేరేవాళ్లకు ఇచ్చినట్టు నేను చూడలేదు.

అమ్మవారి ఎడమ భుజం కింద, ఎవరికీ కనబడని మలుపులో, అగ్గిపెట్టె అంత చదరం తీయాలనుకున్న. కొత్త బ్లేడు కొనుక్కొని పోయిన. స్కేలు ఆనించి కింద ఒక గీత తిన్నగా కోసిన. అది బాగానే వచ్చింది. బ్లేడును ఆ గీతలోంచి లోపలికి జరిపిన. నాకు తెలియనిది ఏందంటే, ఆ వైపు గోడ వెనక వాన నీళ్లు నిలిచేవి, లోపల చెమ్మ పట్టి ఉన్నది. ఒక చిన్న శబ్దం వచ్చింది, ఎండుటాకు మీద అడుగు వేసినట్టు. భుజం, మెడ, ఎడమ చెంప, కంటి దాకా, అన్నీ కలిసి ఒకే పలకలెక్క ముందుకు వంగి నా చేతుల మీద పడ్డయి. అక్కడినుంచి నేల మీద పడి మూడు ముక్కలైనయి. గోడ మీద మట్టి కనబడ్డది. అమ్మవారికి ఒక కన్నే మిగిలింది.

నిజం చెప్పడానికే కూర్చున్న కాబట్టి ఇది కూడ చెప్త. భయం కంటే ముందు నాకు సంతోషం కలిగింది. విరిగిన ముక్క అంచున పొరలు కనబడుతున్నయి. ఎరుపు, తెలుపు, పసుపు, మళ్ల తెలుపు, నీలం, ఒకదాని మీద ఒకటి, పాత పుస్తకం పేజీల లెక్క. నాకు కావలసిన తేదీ నా చేతిలో ఉన్నదనుకున్న. ఈ సంగతి నా భార్యకు కూడ ఇంతవరకు చెప్పలేదు. ఒక ముక్కను సంచిలో పెట్టుకున్న. మిగిలిన రెండింటిని గోడ కింద, పైనుంచి రాలితే ఎక్కడ పడతయో అక్కడ, పడ్డట్టు పేర్చిన. పేర్చి రెండడుగులు వెనక్కి పోయి సరిగ్గ ఉన్నదా అని చూసుకున్న. నా చదువు నాకు అంతవరకు నేర్పిన పని అదొక్కటే, దూరం నుంచి చూసుడు.

తాళం వేసి చెవి తెచ్చి ఇచ్చిన. "అయిందా సారూ కొలుచుడు?" అన్నది పెద్దమ్మ. "అయింది పెద్దమ్మా" అన్న.

తెల్లారి ఊరంతా గుడి ముందు ఉన్నది. ఆడవాళ్లు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నరు. పెద్దమ్మ లోపలికి పోయి, చాలాసేపు అక్కడే నిలబడి, బయటికి వచ్చి నేరుగా నా దగ్గరికి వచ్చింది. "నిన్న నువ్వు పోయినప్పుడు మంచిగనే ఉండెనా?" అని అడిగింది. అందరి ముందట. ఔను కాదు అంటే సరిపోయే ప్రశ్న. "మంచిగనే ఉండె పెద్దమ్మా" అన్న. ఆమె ఇంకొకసారి అడగలేదు. చెల్లెలి కొడుకు మాట కాబట్టి అక్కడితో ఆ దారి మూసుకున్నది. మరి రాత్రికి రాత్రి దానంతటది రాలిందంటే రంగులో లోపం, రంగు వేసిన చేతిలో లోపం. ఊరి పెద్దమనిషి ఒకాయన గొంతు సవరించుకొని, "నీ చేతిపనిని ఈసారి అమ్మ ఒప్పుకోలేదమ్మా. ఇగ నువ్వు పక్కకు ఉంటేనే మంచిది" అన్నడు. అరవలేదు, తిట్టలేదు. పెద్దమ్మ తాళంచెవి విప్పి ఆయన ముందట అరుగు మీద పెట్టింది.

ఇంటికి వచ్చినం. అక్క నాకు రొట్టె పెట్టింది. పెద్దమ్మ గడపలోనే నిలబడ్డది.

"జిగురు కాచింది ఎవరే?"

"నేనే అవ్వా. నువ్వు చెప్పినట్టే కాచిన."

"వడగట్టినవా?"

"రెండుసార్లు వడగట్టిన. ఆ గుడ్డ దండెం మీదనే ఉన్నది, చూపిస్త ఉండు."

పెద్దమ్మ బిడ్డ మీద చెయ్యి ఎత్తడం నేను అంతకుముందు చూడలేదు. "గుడ్డ చూపిస్తదట గుడ్డ! అమ్మ మొఖం నేల మీద పడ్డది, నాకు గుడ్డ చూపిస్తవా? ఇగ రంగుల దిక్కు వచ్చినవంటే చేతులు ఇరగ్గొడత" అన్నది. దెబ్బ చప్పుడు ఇప్పటికీ వినబడుతది. అక్క ఏడవలేదు. దండెం దిక్కు చూసుకుంటా నిలబడ్డది. నా నోట్లో రొట్టె ఉన్నది. దాన్ని నమిలి మింగి, నీళ్లు తాగి, చెయ్యి కడుక్కున్న. చెప్పాల్సిన సమయం అదే. ఆ తర్వాత కూడ చెప్పొచ్చు గని, ప్రతి దినం ముందు దినం కంటే కష్టమైంది.

చేవెళ్ల నుంచి సైనుబోర్డులు రాసే ఆయనను పిలిపించి, ఆయిల్ పెయింటుతో అమ్మవారికి కొత్త మొఖం వేయించిన్రు. మరుసటేడు కూడ ఆయనే. నా డిజర్టేషన్‌కు క్లాసులో మొదటి మార్కు వచ్చింది. పొరల ఫోటోను చూసి పరీక్ష చేయడానికి వచ్చినాయన నా చెయ్యి పట్టుకొని ఊపిండు. ఆ ముప్ఫై నాలుగో పేజీ వాక్యాన్ని నన్ను ఎవరూ రాయమనలేదు. ఆ ముక్క నా దగ్గరికి ఎట్ల వచ్చిందని ఎవరన్న అడుగుతరేమోనని నేనే ముందుగా రాసిపెట్టుకున్న. డిగ్రీ అయినంక మ్యూజియాలకు అర్జీలు పెట్టిన, ఏ జవాబూ రాలేదు. కొన్నాళ్లు గోడల మీద సిమెంటు ప్రకటనలు రాసిన, తర్వాత కంప్యూటర్లు వచ్చినయి, ఫ్లెక్సీలు వచ్చినయి. పెండ్లిండ్లల్ల పెద్దమ్మ ఎదురైతే కాళ్లకు దండం పెట్టి, పని ఉన్నదని తొందరగా వెళ్లిపోయేటోడిని. మంచి పిల్లగాడు, ఎప్పుడూ పనే అనేదట మా అమ్మతో.

ఆ మోకిల పిల్ల వచ్చిపోయినంక నా చెయ్యి పని మీద నిలవలేదు. దశదినకర్మ ఫ్లెక్సీ మీద, మబ్బుల నడుమ ఉన్న ముసలాయన ఫోటో కింద, "నిండు నూరేండ్లు వర్ధిల్లాలి" అని కొట్టి పంపిన. చనిపోయినాయన కొడుకులు ముగ్గురు దుకాణానికి వచ్చిన్రు. ఇద్దరు తిడుతుంటే మూడో ఆయనకు నవ్వు ఆగలేదు, అందుకే బతికి బయటపడ్డ. ఆ సాయంత్రమే ఆ పిల్లకు ఫోను చేసిన.

"బిడ్డా, ఆ ముప్ఫై నాలుగో పేజీ వాడొద్దు. అది అబద్ధం." చెప్పిన, మొత్తం. ఆ పిల్ల నన్ను ఓదార్చలేదు, తిట్టలేదు. "అంకుల్, అయితే ఇది మీరు రాసి ఇవ్వాలి. సంతకంతో. పాతది తీసేసి నేను ఇది పెడతాను" అన్నది. రాస్త గని నాలుగు దినాలు ఆగమన్న. ఆ మనిషికి చదువు రాదు, ఆమెకు నోటితో చెప్పకముందే కాగితం మీద పెడితే మళ్ల మొదటి పనే చేసినట్టు అయితదన్న. "ఆవిడెవరో తెలియదన్నారు కదా?" అన్నది మెల్లగా. "తెలుసు" అన్న.

పెద్దమ్మ ఇప్పుడు మొయినాబాద్‌లో, రోడ్డు మీది దుకాణాల వెనక సందులో, అక్క దగ్గర ఉంటది. రెండు గదుల ఇల్లు. అక్క రోడ్డు పక్కన కూరగాయలు పెట్టుకొని అమ్ముతది, శని ఆదివారాలు ఫాంహౌసులకు పోయే కార్లు ఆగుతయి. గడప ముందు ముగ్గు లేదు, అంగట్లో దొరికే స్టిక్కరు ముగ్గు అంటించి ఉన్నది. ఆ యేటినుంచి ఇప్పటిదాకా అక్క చేత్తో ఒక్క ముగ్గు కూడ వేయలేదని మా అమ్మ ఎప్పుడో చెప్తే, నాకు కాదన్నట్టు విన్న. పెద్దమ్మ మంచం మీద కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తున్నది. రెండు కండ్లకు ఆపరేషన్ అయింది, మనిషి బాగానే చూస్తున్నది. చెప్పిన. మధ్యలో ఆపితే మళ్ల మొదలుపెట్టలేనని తెలుసు కాబట్టి ఆపకుండ చెప్పిన.

పెద్దమ్మ చేతిలో చిక్కుడుకాయ అట్లనే ఉన్నది. "ఏ దిక్కు పెట్టినవ్ బ్లేడు?" అని అడిగింది.

"ఎడమ భుజం కింద."

"ఆ దిక్కు చెమ్మ ఉంటది." ఆ కాయను పక్కన పెట్టింది. "ఎందుకురా గీకుడు? నీకేం తెల్వాలె?"

"ఎన్నేండ్ల కింది బొమ్మనో తెలియాలె పెద్దమ్మా. పొరలు లెక్కపెడదామని."

"నన్ను అడిగితే అయిపోతుండె కదరా! మా అత్త ఎన్నేండ్లు ఏసింది, దాని అత్త ఎన్నేండ్లు ఏసింది, ఏ యేడు కరువొచ్చి ఏయలేదు, అన్నీ ఏళ్ల మీద లెక్కపెట్టి చెప్తుంటి. మూడు వారాలు నా ముందట కూసొని రాసుకుంటివి. గదొక్కటి అడగకపోతివి."

అడగలేదు. సారు కూడ అడగమనలేదు. గోడకే వయసు ఉంటదని మేము అనుకున్నం. ఆ బొమ్మ పుట్టుపూర్వోత్తరాలు నాకు రొట్టె విరిచి పెట్టిన మనిషి నోట్లో ఉన్నయని మా ఐదు ప్రశ్నల్లో ఎక్కడా లేకపాయె.

"తాళంచెవి నీ దగ్గర్నే ఉండె" అన్నది మళ్ల, తనలో తను అన్నట్టు. "నాకు అనుమానం రాలేదనుకున్నవా? గందుకే అందరి ముందట అడిగిన. మంచిగనే ఉండె అంటివి." అప్పుడు మంచం మీదనుంచి లేవబోయింది. లేవలేక, అక్క దిక్కు చెయ్యి చాపింది. "నిన్ను కొట్టిన కదనే బిడ్డా. నువ్వు గుడ్డ చూపిస్త అంటుంటే కొట్టిన."

అక్క ఇంతసేపు గోడకు ఆనుకొని నిలబడ్డది. ఆ చెయ్యి పట్టుకొని తల్లిని కూర్చోబెట్టి, నా దిక్కు తిరిగింది.

"ఎన్నేండ్లాయెరా?"

"పాతికేండ్లు అక్కా."

"ఇన్నేండ్లు నేను ఏమనుకున్ననో తెలుసా? రెండుసార్లు కాదేమో, ఒక్కసారే వడగట్టిన్నేమో, నేనే మర్చిపోయి అవ్వతోని అబద్ధం చెప్పిన్నేమో అనుకున్న. నాకు నా మీదనే నమ్మకం పోయింది. ఉప్పు ఏసిన కూరల మళ్ల ఉప్పు ఏస్త, ఏసిన్నో లేదో అని." గొంతు పెంచలేదు. "ఇప్పుడు నాలుగు గోడల నడుమ వచ్చి చెప్పి, మనసు తేలిక చేసుకొని పోతవా? అవ్వను ఊరంత చూస్తుండగ పక్కకు పెట్టిన్రు. ఆడనే చెప్పు. లేకుంటే నాకు చెప్పకు."

ఆదివారం పోయినం, ముగ్గురం, ఆటోలో. ఊరి చుట్టూ ప్లాట్ల రాళ్లు, రోడ్డు మీదికి వెంచర్ల పేర్లతో రంగురంగుల కమాన్లు. వాటిల్లో రెండు నా దుకాణంలో చేసినవే. గుడి ఉన్నది గని గోడ లేదు. పాతది పడగొట్టి, గ్రానైటు పరిచి, టైల్సు మీద అచ్చు వేసిన అమ్మవారిని పెట్టిన్రు. నా తప్పుకు సాక్ష్యం అనేది ఎక్కడా మిగలలేదు. పెద్దమ్మను పక్కకు ఉండమన్న పెద్దమనిషి పోయి చాలా ఏండ్లయింది. బోనాల ఏర్పాట్లకు కమిటీవాళ్లు కుర్చీలు వేసుకొని కూర్చున్నరు, తొమ్మిది పది మంది, ఎక్కువమంది ముప్ఫై దాటనోళ్లు. నేను ఫలానా సంగతి చెప్పాలన్న. "అన్నా, గిదెప్పటి ముచ్చట? మేము అప్పటికి సరిగ్గ పుట్టనే లేదు. చెప్పితే చెప్పు గని, జల్ది కానియ్యి, టెంటు ఆయన వస్తున్నడు" అన్నడు వాళ్ల అధ్యక్షుడు. ఒకతను ఫోనులోంచి తల ఎత్తలేదు. వెనక కుర్చీలో ఒక ముసలాయన మాత్రం పెద్దమ్మను గుర్తుపట్టి, లేచి నిలబడి, "నాకు యాది ఉన్నది. చెప్పనియ్యండి" అన్నడు.

ఎవరికి చెప్పాల్సి ఉండెనో వాళ్లు చాలామంది లేరు. వినాల్సిన గోడ కూడ లేదు. మనం మాట దాచిపెట్టినంత మాత్రాన కాలం దానికోసం ఆగదు, వినాల్సినోళ్లను ఒక్కొక్కరినే తీసుకపోతది. మిగిలిన ఇద్దరు నా ముందట ఉన్నరు. పెద్దమ్మకు ఎవరో కుర్చీ ఇచ్చిన్రు. అక్క కూర్చోలేదు. నేను చెప్పులు విప్పి, కమిటీవాళ్ల దిక్కు కాదు, వాళ్లిద్దరి దిక్కు తిరిగి నిలబడ్డ. మొత్తం చెప్పడానికి ఒక నిమిషం కూడ పట్టలేదు.

"పెద్దమ్మా, అక్కా, ఆ దినం ఈ గుడిలో అమ్మవారి మీద బ్లేడు పెట్టింది నేను. పెద్దమ్మ అందరి ముందట అడిగితే అబద్ధం చెప్పింది నేను. దాన్నే కాగితం మీద రాసి డిగ్రీ తెచ్చుకున్నది నేను. పెద్దమ్మ చేతిలో ఏ లోపం లేకుండె. గోడ చెమ్మకు వదిలింది గని, రంగు రంగును వదల్లేదు. అన్ని పొరలు ఒక్క పలకలెక్క వచ్చినయి. జిగురు చెడ్డదైతే అట్ల వస్తుండెనా? అక్కా, నువ్వు రెండుసార్లు వడగట్టినవు. నువ్వు చెప్పింది నిజం. నేను తింటా కూసొని విన్న. నన్ను మాఫ్ చెయ్యి."